భయానికీ ఒక చరిత్ర వుంది

కరువుల చరిత్ర మనం రాసుకున్నాం. జమీందారీల చరిత్ర, రైతు పోరాటాల చరిత్ర, వలసల చరిత్ర కొంతవరకైనా రాసుకున్నాం. కాని ఆ కరువులో, ఆ అప్పులో, ఆ వలసలో మనిషి గుండె ఎట్లా కొట్టుకున్నదో, రాత్రివేళ నిద్ర ఎందుకు పట్టలేదో మనం లెక్కలోకి తీసుకోలేదు. అది వైద్యుడి వ్యవహారమనో, కవి వ్యవహారమనో వదిలివేశాం. తిండికీ బట్టకూ చరిత్ర వున్నట్టే భయానికీ చరిత్ర వున్నదని, ఆ చరిత్రను మన ఉత్తరాంధ్ర రెండు జిల్లాల నేలమీద నిలబడి చదవవచ్చునని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాటల సంగతి చూద్దాం. ఎదురుగా పాము పడగ విప్పితే కలిగేది భయం. పాము లేని చోట, ఎప్పుడో రాబోయే పామును తలుచుకుని రేయింబవళ్ళు వొణికిపోవడం ఆందోళన. మొదటిది ప్రాణరక్షణకు అవసరం. రెండోది నెలల తరబడి నిలిచి తిండినీ నిద్రనూ పనినీ చెడగొడితే అది జబ్బు. మన భాషలో ‘ఆందోళన’ అన్న మాటకు మరొక అర్థం కూడా వుంది. రైతులు కలెక్టరు కచేరీ ముందు బైఠాయిస్తే అదీ ఆందోళనే. ఊగిసలాట అనే మూలార్థం నుంచి ఒకే మాట ఇటు ఒంటరి మనిషి గుండెకూ, అటు వెయ్యిమంది ఊరేగింపుకూ పాకింది. ఈ రెంటికీ మధ్య దారి వుందా అన్నది మన ముందున్న ప్రశ్న.

మా జిల్లా జనానికి పుస్తకాల మాటతో పనిలేదు. ‘బెంగెట్టుకున్నాడు’ అంటారు. ‘దడుసుకున్నాడు’, ‘గుండె గుబగుబలాడతంది’, ‘గాలి సోకింది’ అంటారు. వీటిలో ఒక్కటీ మనస్సు పేరెత్తదు. అన్నీ ఒంటిమీది మాటలే. ఇది అజ్ఞానం కాదు. భయం శరీరంలోనే కాపురముంటుందని శాస్త్రజ్ఞులకన్న ముందు కూలి మనిషికి తెలుసు. అయితే దానికి కారణం వెతకవలసి వచ్చినప్పుడే చిక్కు వచ్చిపడింది. ‘గాలి’ ఎక్కడిది? ఎవరో ప్రయోగించినది. ఎవరు? ఊరి చివర ఒంటరిగా వుండే ముసలిది, లేదా దాయాది. ఇక్కడినుంచే చిల్లంగి పుట్టింది. మన ఏజెన్సీ పల్లెల్లో చిల్లంగి నెపం మీద హత్యలు ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. ఒక మనిషి ఆందోళన మరొక మనిషి ప్రాణం తీసింది. భయానికి సరైన కారణం చెప్పలేని సమాజం తప్పుడు కారణాన్ని చంపుతుంది.

ఈ వ్యాపారాన్ని మన సాహిత్యంలో మొదట పట్టుకున్నవాడు విజయనగరం వాడే. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, పూర్తిగా మారిన రూపంలో 1909లో వచ్చింది. అందులో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బంధిస్తాడు. మనం నవ్వుతాం. కాని ఆ సీసాలో నిజంగా వున్నదేమిటి? లుబ్ధావధాన్లు భయం. డబ్బుకు పిల్లను కొన్న ముసలివాడి తప్పు, లోకం ఏమంటుందోనన్న దిగులు, పోలీసు బెదురు, అన్నీ కలిసి దయ్యం రూపం ఎత్తాయి. గవరయ్య ఆ భయానికి బిరడా బిగించి సొమ్ము చేసుకుంటాడు. సాంఘికమైన భయాన్ని దయ్యం చేసి అమ్ముకునే వృత్తిని ఇంత సూటిగా చూపిన రచన ఆనాటి మన భాషలో మరొకటి నాకు కనబడదు.

గవరయ్య చేతిలో సీసా వుంటే, దొరల చేతిలో గోడ వుంది. 1858లో ఇంగ్లీషు ప్రభుత్వం ఉన్మాదుల ఆశ్రమాల చట్టం చేసింది. ఆ శతాబ్ది ఉత్తరార్ధంలోనే మద్రాసు రాజధానిలో మద్రాసు, కాలికట్టులతోపాటు వాల్తేరులో ఒక ఆశ్రమం వెలిసింది. తరువాతి కాలంలో అదే ప్రభుత్వ మానసిక వైద్యశాల అయింది. మన జనం నోట మాత్రం అది నేటికీ పిచ్చాసుపత్రే. ఆ చట్టం దృష్టిలో రోగి అంటే వీధిలో తిరిగేవాడు, అల్లరి చేసేవాడు, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవలసినవాడు. 1912లో వచ్చిన ఉన్మాద చట్టం కూడా ఈ చూపును పెద్దగా మార్చలేదు. 1987లో కొత్త చట్టం వచ్చేదాకా పుస్తకంలో అదే నిలిచింది. ఇంట్లో మూల కూర్చుని వొణికే మనిషి వల్ల శాంతిభద్రతలకు భంగం లేదు. కనుక అతనికి చట్టంలో చోటు లేదు. 1946లో భోర్ కమిటీ లెక్క చూస్తే మన దేశంలో సుమారు నలభైవేల జనాభాకు ఒక్క మానసిక వైద్యశాల పడక వుంది. ఇంగ్లండులో సుమారు మూడువందలమందికి ఒకటి. వలసపాలన అంటే ఏమిటో ఈ రెండంకెలు చెబుతాయి.

దీనివల్ల జరిగిన నష్టం పడకల కొరత ఒక్కటే కాదు. జనం మనస్సులో మానసిక బాధ అంటే రెండే మెట్లు మిగిలాయి. ఒకటి మామూలు మనిషి, రెండు పిచ్చివాడు. మధ్యలో ఏమీ లేదు. కనుక ఎవడికి గుండెదడ వచ్చినా ‘నాకు పిచ్చెక్కుతోందా?’ అన్న మరొక భయం దాని నెత్తిన ఎక్కుతుంది. వాల్తేరు పేరు చెబితే పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని తల్లిదండ్రులు దాచిపెడతారు. చికిత్సకన్న ముందు సిగ్గు అడ్డం నిలబడుతుంది.

ఇక ఈ నేల మీద భయం ఎట్లా పండిందో చూడాలి. శ్రీకాకుళం ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లాలో భాగం. 1866లో ఒరిస్సాను పీల్చివేసిన కరువు గంజాంనూ పట్టుకుంది. ఆ తరువాతి తరాల్లో జనం రేవుల దారి పట్టారు. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలకువేలు రంగూనుకు పోయారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మెడకు తాడైంది. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీల మీద జరిగిన మారణకాండ, 1942లో జపాను సైన్యాలు వచ్చిపడితే అడవులగుండా కాలినడకన తిరుగు ప్రయాణం, దారిలో రాలిపోయినవాళ్ళు, ఇవన్నీ మన పల్లెల జ్ఞాపకంలో వున్నాయి. అదే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాయి. ‘రంగం పోయినోడు’ తిరిగి వస్తాడో రాడో తెలియని ఇల్లాలి నిరీక్షణకు ఏ వైద్యగ్రంథమూ ఆనాడు పేరు పెట్టలేదు. వలస ఒక ఆర్థిక విషయమని రాసుకున్నాం. అది ఎడతెగని ఆందోళన కూడా.

ఊళ్ళో మిగిలినవాళ్ళకు జమీందారీ వుంది, అప్పు వుంది. అప్పు భయం చిత్రమైనది. అది తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలాగే సంక్రమిస్తుంది. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ (1964) ఈ సత్యాన్ని చివరిదాకా తీసుకుపోయింది. తండ్రి అప్పు తీర్చడానికి తాను పాలేరు కావాలి. తన కొడుకూ కావాలి. ఆ రాబోయే రోజులను తలచుకుని సీతారాముడు కన్నకొడుకునే నరుకుతాడు. విమర్శకులు దీనిని భూస్వామ్య న్యాయం మీద తిరుగుబాటుగా చదివారు. అది న్యాయమే. కాని మరొక మాట కూడా చెప్పాలి. పాము ఇంకా రాలేదు. పాము తప్పక వస్తుందన్న ఎరుకే మనిషిని అంత పనికి తోసింది. భవిష్యత్తే శత్రువుగా మారిన మనస్సు అది.

ఇంతకుముందే, 1950ల తొలి సంవత్సరాల్లో, శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో ప్లీడరీ చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు ‘అల్పజీవి’ రాశారు. సుబ్బయ్య భయపడని వస్తువు లేదు. ఆఫీసంటే భయం, బావమరిదంటే భయం, చివరకు పెళ్ళామన్నా భయమే. అప్పిచ్చిన కాంట్రాక్టరును తలుచుకుంటే గుండె జారిపోతుంది. ఆ కాంట్రాక్టరు పేరూ గవరయ్యే. అది యాదృచ్ఛికం కావచ్చు. కాని అరవై ఏళ్ళలో మన ప్రాంతం ఎంత మారిందో ఆ ఇద్దరు గవరయ్యలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మొదటి గవరయ్య భయాన్ని దయ్యం పేరిట అమ్మాడు. రెండో గవరయ్యకు దయ్యంతో పనిలేదు, అప్పు చాలు. మంత్రం పోయి రూపాయి వచ్చింది. భయం అట్లాగే వుంది.

మన అభ్యుదయ విమర్శలో ఇటువంటి రచనల పట్ల ఒక అనుమానం వుండేది, నేటికీ వుంది. ‘అల్పజీవి’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వంటివాటిని ప్రస్తావించగానే ‘ఇవి మధ్యతరగతి గుండెదడలు, కష్టజీవికి ఇటువంటి తీరిక ఎక్కడిది?’ అన్నవాళ్ళున్నారు. ఈ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. వ్యక్తి లోపలి చీకటినే లోకమనుకుని అందులోనే తిరిగే సాహిత్యం మనిషిని సమాజం నుంచి తెంచుతుంది. కాని సుబ్బయ్య పిరికితనం అతని నెత్తురులోనుంచి మాత్రమే వచ్చిందా? పై అధికారి దయమీద బతికే గుమస్తా ఉద్యోగం, జీతం చాలక చేసిన అప్పు, అవమానాన్ని మింగి ఇంటికి మోసుకుపోవడం, ఇవి ఒక వర్గం తయారయిన పద్ధతి. దానిని లోపలినుంచి చూపించడం చరిత్ర రాయడమే.

ఇక కష్టజీవికి ఆందోళన లేదనడం బొత్తిగా అబద్ధం. అతనికి దాని పేరు లేదు, అంతే. గుండె పట్టేసిందని, కాళ్ళూ చేతులూ లాగుతున్నాయని, ఊపిరాడటం లేదని అతను ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరికి పోతాడు. ఆయన ఒక సెలైను సీసా ఎక్కించి, బలానికని ఇంజక్షను పొడిచి పంపుతాడు. రెండ్రోజులు కుదుటపడి మళ్ళీ మొదలు. ఇది మూడో సీసా. గవరయ్య సీసాకూ దీనికీ తేడా లోపలి ద్రవంలోనే వుంది.

శాస్త్రం ఏమంటుందో సూక్ష్మంగా చెప్పుకోవాలి. అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో చూపించినదేమిటంటే, ప్రమాదం ఎదురైనప్పుడు అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, కండరాలు బిగుస్తాయి. కలబడు లేదా పారిపో అని శరీరం ఇచ్చే ఆజ్ఞ ఇది. మెదడులో అమిగ్డలా అనే బాదంగింజంత భాగం ఈ గంట మోగించడంలో ముఖ్యమైనదని తరువాత తేలింది. కలబడటానికీ పారిపోవడానికీ వీలులేని చోట, అంటే అప్పిచ్చినవాడి ముందు, అధికారి ముందు, ఈ గంట మోగుతూనే వుంటుంది. కొందరికి అది అకారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి చావు వచ్చినంత పని చేస్తుంది. కొందరికి సన్నగా ఏళ్ళ తరబడి మోగుతుంది. కొందరికి నలుగురి ముందు నోరు తెరవలేనట్టు చేస్తుంది. ఘోరాన్ని కళ్ళారా చూసినవాళ్ళకు ఆ ఘోరాన్నే మళ్ళీ మళ్ళీ తెచ్చి చూపిస్తుంది. 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ వర్గీకరణలో వీటికి వేరువేరు పేర్లు పెట్టారు.

పావ్లోవ్ ప్రయోగాలు మన పాఠకులకు కొత్త కావు. వాటిలో రెండింటిని మాత్రం గుర్తుచేస్తాను. వృత్తం చూపితే తిండి, అండాకారం చూపితే తిండి లేదు అని ఒక కుక్కకు నేర్పారు. తరువాత అండాకారాన్ని కొంచెం కొంచెంగా వృత్తానికి దగ్గరచేస్తూ పోయారు. ఏది ఏదో తేల్చుకోలేని హద్దుకు వచ్చేసరికి అంతవరకూ సాధువుగా వున్న కుక్క అరిచింది, కట్లు కొరికింది, నేర్చినదంతా మరిచింది. రెండోది: 1924లో లెనిన్‌గ్రాడ్‌కు వరద వచ్చి పావ్లోవ్ కుక్కలు బోనుల్లో మునిగిపోబోయాయి. బతికి బయటపడిన తరువాత కూడా, తలుపు సందులోనుంచి సన్నటి నీటిధార వస్తే చాలు, వాటిలో ఒకదానికి వెనకటి బాధ తిరగబెట్టింది. దాన్ని పిరికి కుక్క అనడం ఎంత తెలివితక్కువో, మనిషిని పిరికివాడనడమూ అంతే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరాన్ని కొట్టాయి. తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను కూకటివేళ్ళతో పెకలించింది. తరాల ఆస్తి ఒక్క రాత్రిలో నేలకూలింది. ఆ పల్లెల నుంచి వచ్చి నా క్లాసులో కూర్చున్న పిల్లలు కొందరు, అక్టోబరులో గాలి కాస్త హెచ్చగానే కిటికీ వైపే చూస్తూ వుండటం గమనించాను. వాళ్ళకు లెనిన్‌గ్రాడ్ సంగతి చెప్పాను. ‘అయితే ఇది మా ఒక్కరికే కాదన్నమాట’ అన్నాడొక పిల్లవాడు. ఆ ఒక్క మాటతో జబ్బు నయం కాకపోవచ్చు, సిగ్గు సగం పోయింది.

అదే ఉద్దానంలో కారణం పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా జనాన్ని తింటోంది. పలాసలో 2023 డిసెంబరులో రెండువందల పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. అది పోరాడి తెచ్చుకున్నది. కాని ఇంకా జబ్బు రానివాళ్ళ సంగతి ఏమిటి? ‘క్రియాటినిన్’ అన్న మాట చదువురాని ముసలమ్మకు కూడా నోటికి వచ్చిన ప్రాంతం అది. తండ్రికి వచ్చింది, అన్నకు వచ్చింది, నాకు ఎప్పుడు అన్న ప్రశ్నతో బతకడం ఒక జబ్బు కాదా? మత్స్యకార పల్లెలది మరొక కథ. చేపల వేటకు మన తీరంలో గిట్టుబాటు లేక గుజరాత్ పోయిన మన రెండు జిల్లాల కుర్రవాళ్ళు 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. పధ్నాలుగు నెలలు ఆ ఆడవాళ్ళు ఎట్లా నిద్రపోయారో ఎవరు అడిగారు? ఆందోళన జబ్బులు ప్రపంచమంతటా మగవాళ్ళకన్న ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు. కారణాల్లో కొన్ని శరీరానివి; కాని నిరీక్షణ భారం, ఇంటి భారం, దెబ్బల భయం ఎవరి మీద పడ్డాయో మనకు తెలుసు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ముప్పై కోట్లమంది ఈ జబ్బులతో వున్నారు. మన దేశంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, ఏ సమయంలో చూసినా పెద్దవాళ్ళలో 10.6 శాతం ఏదో ఒక మానసిక బాధలో వున్నారని, జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని చెప్పింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన భయం ఇంకా లెక్కకే ఎక్కలేదు.

మనం రెండు పొరపాట్లకు దూరంగా వుండాలి. మొదటిది, దీన్నంతా ఒంటరి మనిషి మెదడులోని రసాయనాల గొడవగా కుదించి, మాత్ర మింగి మళ్ళీ అదే కాంట్రాక్టరు ముందు నిలబడమనడం. రెండోది మనవాళ్ళు చేసేది: వ్యవస్థ మారితే భయం అదే పోతుంది, అంతవరకూ ఓర్చుకోమనడం. 1940లో మందస జమీందారీలో గున్నమ్మ తుపాకులకు ఎదురు నిలిచింది. సంఘం భయాన్ని ధైర్యంగా మార్చగలదనడానికి అంతకన్న సాక్ష్యం అక్కరలేదు. కాని ఉద్యమాలు నడిచిన పల్లెల్లో, 1967 తరువాత పోలీసు క్యాంపుల నీడలో పెరిగిన గిరిజన పల్లెల్లో, భయం కూడా మిగిలింది. ఫ్రాంజ్ ఫానన్ విప్లవకారుడు. అయినా అల్జీరియాలో 1953 నుంచి ఆసుపత్రిలో రోగులకు వైద్యం చేశాడు. 1961లో వచ్చిన తన చివరి గ్రంథంలో వలసయుద్ధం తెచ్చిన మానసిక రోగాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. విప్లవం వచ్చేదాకా రోగిని ఆగమని ఆయన అనలేదు.

వైద్యం వుంది. భయపడే వస్తువుకు అంచెలంచెలుగా దగ్గరచేస్తూ, తప్పుడు ఊహలను పరీక్షకు పెడుతూ సాగే మాటల చికిత్స చాలామందికి పనిచేస్తుంది. ఎస్.ఎస్.ఆర్.ఐ. తరగతి మందులు కొన్ని వారాల తరువాత గుణం చూపిస్తాయి; వాటికి ఓపిక కావాలి. వెంటనే మత్తు కమ్మించే మాత్రలు డాక్టరు చీటీ లేకుండా మింగితే అలవాటై కూచుంటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కు చేసింది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్థుడుగా కాక తీవ్రమైన ఒత్తిడిలో వున్నవాడుగా చూడమన్నది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వుంది. 2022 అక్టోబరు నుంచి 14416 అన్న నంబరుకు ఖర్చులేకుండా ఫోనుచేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. హక్కు కాగితం మీద వుంది. సీతంపేట కొండమీద ఆరోగ్య కేంద్రానికి ఆ హక్కు ఎక్కిందా అని అడగవలసిన వాళ్ళం మనం.

అడగడం ఆందోళనకు రెండో అర్థం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ జబ్బును గుర్తుపట్టగల మనిషి, మందు వుండాలని అడగాలి. ప్రతి కళాశాలలో పరీక్షల ముందు వొణికే పిల్లవాడిని సోమరి అనకుండా వినగల ఉపాధ్యాయుడు వుండాలి. ఆ పని మనం రేపటి క్లాసునుంచే మొదలుపెట్టవచ్చు. విద్యార్థి మిత్రులు తమ ఊళ్ళకు పోయినప్పుడు బెంగ, దడుపు, గాలి అన్న మాటల వెనక ఏ అప్పు, ఏ వలస, ఏ తుపాను వుందో అడిగి రాసుకుని రావాలి. అదే మన చరిత్రలో రాయని అధ్యాయం. మన కథకులు ఆ పని కొంత చేసిపెట్టారు. గవరయ్య సీసా బిరడా తీసినవాడు గురజాడ. లోపల వున్నది దయ్యం కాదు, మనిషేనని చూపినవాడు రావిశాస్త్రి. ఆ మనిషిని డాక్టరు దగ్గరికి చేయిపట్టి తీసుకుపోవడమూ, అతన్ని అంత భయపెట్టిన లోకాన్ని మార్చడమూ రెండూ మన పనులే. ఒకటి చేసి రెండోది వాయిదా వేయడానికి వీలులేదు.